ఏరేటర్ల వేళ పెరిగే హమ్ము, వానాకాలపు చిటపట: ఇంట్లో చేసిన ప్రీయాంప్ గురించి

పాఠకుని ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లె. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి మా మావయ్య మైకుసెట్టు షాపులో పని చేస్తున్నాను. మేడ మీది గదిని చిన్న రికార్డింగు స్టూడియోగా మార్చుకుని హరికథలు, భజనలు, సన్నాయి మేళం రికార్డు చేస్తున్నాను. 5532 ఆడియో చిప్పులతో, 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజిని ప్లస్ 15, మైనస్ 15 దగ్గర నిలిపే 7815, 7915 రెగ్యులేటర్లతో ఒక ఛానెల్ మైకు ప్రీయాంప్ (మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే పెట్టె) సొంతంగా తయారు చేశాను. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచితే హమ్ము వస్తోంది; సాయంత్రం చెరువుల మీద, నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు వేసే వేళకు అది ఇంకా పెరుగుతోంది. వాన ముసురు పట్టిన రోజుల్లో చిటపటమనే శబ్దం కూడా తోడవుతోంది. విదేశీ ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు తెప్పించి, పాత బ్రిటిష్ కన్సోళ్ల (స్టూడియో మిక్సింగు బల్లల) పద్ధతిలో చేస్తే ఇవన్నీ పోతాయని తెలిసినవారు ఒకరు చెప్పారు. ఎనిమిది ఛానెళ్లకు ఎనిమిది తెప్పించమంటారా? ఈ పని మీద బతకవచ్చా?

సమాధానం: ఇప్పుడే తెప్పించవద్దు. మీరు చెప్పిన మూడు బాధలలో ఒక్కటి కూడా ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోవడం వల్ల వచ్చినట్లు నాకు కనిపించడం లేదు. ఎనిమిది ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టిన తరువాత కూడా అదే హమ్ము, అదే చిటపట, కాకపోతే ఖరీదైన పెట్టెలో నుంచి వినిపించే అవకాశమే ఎక్కువ.

మీ ఉత్తరంలో అసలు ఆనవాలు ఏరేటర్ల మాటలోనే ఉంది. సాయంత్రం పూట ఒకే లైను మీద పదుల సంఖ్యలో మోటార్లు ఎక్కినప్పుడు మన పల్లెల్లో కరెంటు 230 వోల్టుల నుంచి 190కో, 180కో దిగజారడం మీకు తెలియనిది కాదు. ఇప్పుడు మీ 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ లెక్క చూడండి. 230 దగ్గర ఒక్కొక్క వైపు 15 వోల్టుల ఏసీ, శిఖరం వద్ద 21 వోల్టుల పైచిలుకు, బ్రిడ్జిలో ఆ వైపు డయోడులో పోయే 0.7 తీసేస్తే దాదాపు 20.5 వోల్టుల డీసీ మిగులుతుంది. 7815 తన పని తాను చేయాలంటే దాని ముందు కనీసం 17 వోల్టులు ఉండాలి. కెపాసిటర్ మీద అలల అడుగు కూడా ఆ 17 కిందికి దిగకూడదు. వెయ్యి మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 మిల్లీ ఆంపియర్ల లోడు అయితే ఆ అల ఒక వోల్టు దాకా ఉంటుంది కాబట్టి, 230 దగ్గర మీ సప్లై గట్టెక్కుతుంది. అదే 180కి పడితే 15 కాస్తా 11.7 అవుతుంది, శిఖరం 16.6, డయోడు పోను 15.9. అంటే రెగ్యులేటర్ చేతులెత్తేసి, తన ముందున్న 100 హెర్ట్జ్ అలను యథాతథంగా మీ చిప్పులకు వదిలేస్తుంది. లోడు తక్కువగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తన మీద రాసినదానికంటే కొంచెం ఎక్కువే ఇస్తుంది గనుక ఒకటి రెండు వోల్టులు అటూఇటూ కావచ్చు. అయినా లెక్క సారం మారదు.

దీనిని రూఢి చేసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఏరేటర్లు వేసిన తరువాత, పెట్టె లోపల మెయిన్స్ వచ్చే చోటికి చేయి పోకుండా జాగ్రత్త పడి, రెగ్యులేటర్ ముందున్న పెద్ద కెపాసిటర్ మీద డీసీ ఎంతుందో మల్టీమీటరుతో చూడండి. 17.5 కంటే తక్కువ చూపితే దొంగ దొరికినట్లే. మందు కూడా చవకైనదే: 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. 180 వోల్టుల వేళ కూడా అది రెగ్యులేటర్ ముందు 19 దాకా నిలబెడుతుంది. అర్ధరాత్రి మోటార్లు ఆగి కరెంటు 250కి ఎగబాకినప్పుడు 26 దాటుతుంది కనుక కెపాసిటర్లు 35 వోల్టులవి, వీలైతే 50 వోల్టులవి వాడండి. రెగ్యులేటర్ మీద ఒక వాటుకు పైన వేడి పుడుతుంది, చిన్న హీట్‌సింకు బిగించండి. ఇంట్లో ఫ్రిజ్‌కు పెట్టే రిలే స్టెబిలైజరుతో సరిపెట్టుకుందామనుకుంటే, అది గేరు మార్చినప్పుడల్లా వచ్చే టక్కుమనే చప్పుడు హరికథ దాసుగారి గొంతు పక్కన రికార్డవుతుంది.

ఇది సాయంత్రపు హమ్ము సంగతి. పగలు కూడా గెయిన్ పెంచితే వస్తున్న హమ్ముకు కారణం వేరే ఉండాలి. దానిని పట్టడానికి ముందుగా ఒక చిన్న పరికరం తయారు చేసుకోండి. మగ ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ (మూడు పిన్నుల మైకు ప్లగ్గు) ఒకటి తీసుకుని, దానిలో 2, 3 పిన్నుల మధ్య 150 ఓంల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ ఒక్కటి సోల్డర్ చేసి మూత బిగించండి. మీ ప్రీయాంప్‌కు అది మాట్లాడని మైకు. ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే కండెన్సర్ మైకుకు పంపే 48 వోల్టులు) ఆపి, ఆ ప్లగ్గును ఇన్‌పుట్‌లో గుచ్చి, గెయిన్ పూర్తిగా పెంచి, ఒక నిమిషం కంప్యూటరులోకి రికార్డు చేయండి. హమ్ము మాయమైతే తప్పు బయట, అంటే కేబుల్లోనో మైకులోనో ఎర్తులోనో ఉంది. అలాగే ఉంటే తప్పు పెట్టెలో ఉంది.

ఆ రికార్డింగును సాఫ్ట్‌వేరులో స్పెక్ట్రం తెరిచి చూస్తే మిగతా కథ అదే చెబుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఒంటరిగా గూటంలాంటి శిఖరం నిలబడి ఉంటే అది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం మీ ఇన్‌పుట్ తీగలలోకి దూరడం. కరెంటు ఆపి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు వదులు చేసి, పావు వంతు తిప్పి, మూత పెట్టి మళ్లీ రికార్డు చేయండి. మట్టం మారితే అనుమానం నిజమే. ఆ క్షేత్రం దూరంతో చాలా వేగంగా పలచబడుతుంది, దూరం రెట్టింపు చేస్తే సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే నా సలహా ఏమిటంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను పెట్టెలో నుంచి పూర్తిగా బయటికి తీసివేసి, వేరే చిన్న ఇనుప డబ్బాలో పెట్టి, 18-0-18 ఏసీని మాత్రం మీటరు పొడవు తీగతో ప్రీయాంప్‌కు తెచ్చుకోవడం. హమ్ము తగ్గుతుంది, పైగా మీరు తరచూ వేలు పెట్టే పెట్టెలో 230 వోల్టులు అసలే ఉండవు.

అలా కాక 100, 200, 300 ఇలా వరుసగా ముళ్లలాగా కనిపిస్తూ, చెవికి హమ్ము కంటే జుయ్యిమన్నట్లుగా వినిపిస్తే అది మీ గ్రౌండ్ తీగల అమరికలోని తప్పు. కొత్తగా చేసేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బ్రిడ్జి నుంచి మొదటి కెపాసిటర్‌కు వెళ్లే కరెంటు నింపాదిగా ప్రవహించదు. సెకనుకు వందసార్లు, ప్రతిసారీ ఒక ఆంపియరు దాకా లేచే కురచ దెబ్బలుగా వెళుతుంది. ఆ దారిలో అర చదరపు మిల్లీమీటరు తీగ 5 సెంటీమీటర్లు ఉన్నదనుకోండి. దాని నిరోధం 1.7 మిల్లీ ఓంలు, కంటికి ఆనని లెక్క. కానీ దాని మీద ఒక ఆంపియరు దెబ్బ పడినప్పుడు 1.7 మిల్లీవోల్టులు పుడతాయి, మీ మైకు నుంచి వచ్చే పాట కూడా ఇంచుమించు అంతే. మీరు ఆడియో గ్రౌండ్‌ను ఆ ఐదు సెంటీమీటర్ల తీగ మధ్యలో ఎక్కడో తగిలించి ఉంటే, ఆ దెబ్బలన్నీ పాటతో కలిసి గెయిన్ ఎక్కుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ, రెండు పెద్ద కెపాసిటర్ల ఉమ్మడి కాలు మొదట ఒకదానితో ఒకటి కలవాలి. ఆ తరువాత, ఆ కలయికకు అవతలి నుంచి ఒకే ఒక్క తీగ బయలుదేరి మీ స్టార్ పాయింటుకు, అంటే గ్రౌండ్ తీగలన్నీ కలిసే ఒకే చోటికి, చేరాలి. సర్క్యూట్ బొమ్మలో ఈ రెండింటికీ ఒకే గీత ఉంటుంది. సోల్డరింగ్ ఇనుము పట్టుకున్నవాడికే తేడా తెలుస్తుంది.

ప్లగ్గు పెట్టినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, కేబుల్ తగిలించగానే హమ్ము వస్తున్నట్లయితే ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటో పిన్ను చూడండి. దానిని తీగతో బోర్డు గ్రౌండ్‌కు తీసుకువెళ్లి ఉంటారు. కేబుల్ షీల్డు మీద తిరిగే మలిన కరెంటంతా అప్పుడు మీ బోర్డు గుండా ప్రవహిస్తుంది. నీల్ మన్సీ అనే ఇంజినీరు 1995లో ఈ సంగతిని విడమరచి రాసేవరకు పేరున్న పరికరాలలో కూడా ఈ లోపం మామూలుగా ఉండేది. ఒకటో పిన్నును కనెక్టర్ పక్కనే, వీలైనంత పొట్టిగా, పెట్టె లోహానికి బిగించండి. హమ్ము పోతుందని చెప్పి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేసే అలవాటు మైకుసెట్ల వారిలో ఉంది. మీరు ఆ పని చేయవద్దు, మీ మావయ్య చేస్తుంటే మాన్పించండి. మన డెల్టాలో ఎర్తు గొయ్యికి తడి కరువు లేదు గాని, ఉప్పు నేలలో జీఐ పైపు, దాని మీది క్లాంపు తుప్పు పట్టి తీగకు ఆనకుండా పోతాయి. సంవత్సరానికి ఒకసారి క్లాంపు విప్పి గీకి మళ్లీ బిగించాలి.

ఇక చిటపట. అదే 150 ఓంల ప్లగ్గును ముసురు రోజున పెట్టి చూడండి. చిటపట ఆగిపోతే అది మైకులోనిది. కండెన్సర్ మైకు క్యాప్సూల్ దగ్గర రెసిస్టర్లు ఒక గిగా ఓం స్థాయిలో ఉంటాయి. అక్కడ ఇన్సులేటర్ మీద ఊపిరి తేమ పొర ఒకటి చేరినా కరెంటు అడ్డదారిన పాకుతుంది. మైకును సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, జెల్ రంగు మారినప్పుడు ఎండబెట్టి మళ్లీ వాడండి. బియ్యం డబ్బాలో దాచేవారిని చూశాను. సన్నబియ్యమైనా సరే, తవుడు పొడి క్యాప్సూల్‌కు మంచిది కాదు.

చిటపట ప్లగ్గుతో కూడా వస్తే, ఒక్క ప్రశ్న: మీరు సోల్డరింగ్‌కు షాపులోని పేస్టు వాడారా? రేడియో రిపేరు బల్లల మీద డబ్బాలో ఉండే ఆ పసుపు పేస్టు లెడ్డును బాగా పారిస్తుంది, నిజమే. కానీ బోర్డు మీద మిగిలిన దాని మరక గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తడిసినప్పుడు కరెంటును మోస్తుంది, రాగిని మెల్లగా తింటుంది. 48 వోల్టుల గీత పక్కనే ఇన్‌పుట్ గీత ఉన్నచోట ఆ తడి మరక గుండా జరిగే పాకుడే మీకు చిటపటగా వినిపిస్తుంది. బోర్డు బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన పాత టూత్‌బ్రష్షుతో రెండు సార్లు కడిగి, రెండోసారి ఆల్కహాలు ఆరిపోకముందే గుడ్డతో అద్ది తీసేయండి. ఒకేసారి కడిగి వదిలేస్తే మురికి చోటు మారుతుంది తప్ప పోదు. బాగా ఆరిన తరువాత అక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగు (బోర్డును తేమ నుంచి కాపాడే పలుచని పూత) కొట్టండి. కనెక్టర్లు, పాట్‌లు, స్విచ్చులకు ముందే టేపు చుట్టాలి. సముద్రపు గాలి సోకే మీ ప్రాంతంలో ఇది విలాసం కాదు. గెయిన్ స్విచ్చులు, సిగ్నల్ రిలేలు బంగారు పూత కాంటాక్టులవి ఎంచుకోండి, మైకు స్థాయి సిగ్నల్‌కు కాంటాక్టు మీది మచ్చను కాల్చి తెరిపించుకునే సత్తువ ఉండదు.

ట్రాన్స్‌ఫార్మర్ల విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీకు సలహా ఇచ్చినవారు పూర్తిగా తప్పు చెప్పలేదు. 1970లో వచ్చిన నీవ్ కంపెనీ కన్సోళ్ల 1073 వంటి ప్రీయాంప్ మాడ్యూళ్లలో లోపలికీ బయటికీ ట్రాన్స్‌ఫార్మర్లే ఉన్నాయి, ఆ రోజుల్లో అవి అలంకారం కాదు, అవసరం. 150 ఓంల మైకు తన సహజమైన ఉష్ణ శబ్దంగా రూట్ హెర్ట్జ్‌కు (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) 1.6 నానోవోల్టులు పుట్టిస్తుంది. మీ 5532 ఒక్కొక్కటి 5 నానోవోల్టులు పుట్టిస్తుంది, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు రెండు కలిపితే (ఇలాంటి శబ్దాలు నేరుగా కూడవు కనుక) 7. అంటే మైకు కంటే చిప్పు రొద ఎక్కువ. ముందు 1:10 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పాటా మైకు శబ్దమూ కలిసి పది రెట్లు పెరిగి చిప్పు శబ్దాన్ని దాటిపోతాయి. కాబట్టి 5532నే ఉంచుకుంటానంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు అర్థం ఉంది. అలాకాక దట్ కంపెనీ 1512, లేదా ఐఎన్‌ఏ 217 వంటి చిప్పు పెడితే, వాటి శబ్దం ఎక్కువ గెయిన్ దగ్గర ఒక నానోవోల్టు పరిసరాల్లోనే ఉంటుంది, కనుక ట్రాన్స్‌ఫార్మర్ చేసే పని ఇంకేమీ మిగలదు. మైకు శబ్దం 20 కిలోహెర్ట్జ్ పట్టీకి మైనస్ 131 డీబీయూ (0.775 వోల్టులను సున్నాగా తీసుకునే డెసిబెల్ కొలత). ప్రకృతి గీసిన ఆ గీతకు రెండు మూడు డెసిబెల్స్ పైన మీ పెట్టె నిలబడితే చాలు. మేడ గది కిటికీ అవతల కప్పలు, లోపల సీలింగు ఫ్యాను ఉన్నంతకాలం ఆ మిగిలిన రెండు డెసిబెల్స్ ఎవరికీ వినిపించవు.

మరి ఆ పాత కన్సోళ్ల రంగు సంగతేమిటని అడుగుతారు. ఇనుప కోరులో ఫ్లక్స్ వోల్టేజి పెరిగినకొద్దీ, ఫ్రీక్వెన్సీ తగ్గినకొద్దీ పెరుగుతుంది. అందువల్ల కోరు తన రంగు పులిమేది పెద్ద మట్టంలో ఉన్న కింది స్వరాల మీదే. డోలు మీద అది నిజంగానే ముద్దుగా వినిపించవచ్చు. సన్నాయి మీద దాదాపు ఏమీ ఉండదు, దాని బలమంతా పై స్థాయిల్లో ఉంటుంది. సన్నాయికి మీరు చేయవలసింది సిగ్నల్‌ను తగ్గించే 20 డెసిబెల్స్ ప్యాడ్ పెట్టడం, మైకును గంట ముఖానికి నేరుగా కాక కొంచెం పక్కకు నిలపడం.

ఫాంటమ్ పవర్ గురించి మీరు ఏమీ రాయలేదు, కానీ నేను చెప్పకుండా ఉండలేను. 48 వోల్టులను మైకుకు అందించే రెండు 6.8 కిలో ఓంల రెసిస్టర్లను మీటరుతో కొలిచి, 0.1 శాతం లోపు జతపడేవి ఏరుకోండి. జత చెడితే కేబుల్ మీద పడిన హమ్ము రద్దు కాకుండా లోపలికి వస్తుంది. 48 వోల్టులకు మామూలు ఎల్‌ఎమ్ 317 రెగ్యులేటర్‌ను నేరుగా వాడవద్దు, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య అది ఓర్చుకునే తేడా 40 వోల్టులే, షార్టు పడిన రోజున పోతుంది. టీఎల్ 783 అయితే 125 దాకా తట్టుకుంటుంది. ఇన్‌పుట్ కప్లింగ్ కెపాసిటర్లు 63 వోల్టులవి, వాటి వెనుక 10 ఓంల రెసిస్టర్లు, అక్కడి నుంచి రెండు సప్లై పట్టాలకూ డయోడ్లు తప్పనిసరి. చాలా ఏళ్ల కిందట నేను డయోడ్లు లేని ఒక పెట్టెతో భజన రికార్డింగుకు వెళ్లి, 48 వోల్టులు ఆపకుండానే సగం తెగిన కేబుల్ ఒకటి గుచ్చాను. 48 వోల్టులతో నిండి ఉన్న కెపాసిటర్ ఒక్క క్షణంలో చిప్పు కాళ్లలోకి ఖాళీ అయింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. ఆ ఛానెల్ అప్పటి నుంచి బతికే ఉన్నా ఎప్పుడూ బుసకొడుతూనే ఉండేది. ఆ రాత్రి ఇంకో చిప్పును కూడా అలాగే పోగొట్టుకున్నాక గాని కారణం నాకు బోధపడలేదు.

ఎనిమిది ఛానెళ్లకు ఇప్పుడే తొందర పడవద్దు. ఈ ఒక్క ఛానెల్‌ను ఒక వర్షాకాలమంతా నడపండి. తరువాత దానికి జత చేసి రెండు చేస్తే పక్క ఛానెల్ పాట ఇందులోకి ఎంత కారుతోందో తెలుస్తుంది, సప్లై ఎంత వేడెక్కుతోందో తెలుస్తుంది. చిప్పులు కొనేటప్పుడు ఒక మాట: కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ కనెక్టర్లకూ తీగలకూ పెట్టెలకూ బాగుంటాయి, కానీ ఖరీదైన ఆడియో చిప్పులకు నకిలీలు ఎక్కువ. అవి మాత్రం కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే, నాలుగు రూపాయలు ఎక్కువైనా తీసుకోండి.

బతుకు తెరువు ప్రశ్నకు నా జవాబు, ప్రీయాంపులు అమ్మి బతకడం ఇప్పట్లో కష్టం. స్టూడియోలు పేరు చూసి కొంటాయి, పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. కానీ మీ చేతికింద ఇంకొక సరుకు ఉంది. గుడి ఉత్సవంలో హరికథ జరుగుతుంటే మైకుసెట్టు వారికీ, రికార్డింగు వారికీ ఒకే మైకు కావాలి; మైకుసెట్టు జనరేటరు మీద, రికార్డింగు గుడి కరెంటు మీద నడుస్తుంటాయి; రెండు ఎర్తులూ కలిసిన క్షణం హమ్ము మొదలవుతుంది. దీనికి కావలసింది 1:1 ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిట్టర్. మైకు నేరుగా ఒక పక్షానికి వెళ్లి ఫాంటమ్ అక్కడి నుంచే తీసుకుంటుంది, రెండో పక్షం ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు నుంచి పాటను మాత్రమే అందుకుంటుంది, రెండో వైపు ఒకటో పిన్నును తెంచడానికి ఒక స్విచ్చు ఉంటుంది. మీరు తెప్పించదలచిన ట్రాన్స్‌ఫార్మర్ డబ్బుకు సరైన చోటు ఇది. కరెంటు అక్కరలేదు, కాబట్టి ఏరేటర్ల బాధ లేదు. దళసరి ఇనుప పెట్టెలో పెడితే లారీ మీద నుంచి పడినా పనిచేస్తుంది. మొదటిది మీ మావయ్య షాపుకే చేసి ఇవ్వండి, ఈ కార్తీకమాసం భజనలకు వాడమనండి, అక్కడ వచ్చిన మిగతా మైకుసెట్ల వారు పెట్టె మూత ఎత్తి చూడకుండా ఊరుకోరు.